ఆదా అయినది ఎంత? అమెరికా విద్యార్థుల పారిశ్రామిక ఇంధన పరిశీలన కేంద్రాలు – ఫలితాల కొలత చరిత్ర (1976–2021)

వ్యాస సంగ్రహం

1976లో అమెరికా ప్రభుత్వం నాలుగు విశ్వవిద్యాలయాల్లో ఒక కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇంజనీరింగ్ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చిన్న, మధ్యతరహా కర్మాగారాలకు వెళ్లి ఇంధనం ఎక్కడ వృథా అవుతున్నదో పరిశీలించి, లిఖితపూర్వకంగా సిఫారసులు ఇవ్వడం దాని పని. ఇండస్ట్రియల్ అసెస్‌మెంట్ సెంటర్స్ పేరుతో ప్రసిద్ధమైన ఈ కార్యక్రమం తన ఫలితాలను ఏ విధంగా లెక్కించింది, ఆ లెక్క దేన్ని చెప్పింది, దేన్ని చెప్పలేకపోయింది అనే విషయాలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. ఈ కార్యక్రమం చూపిన ఆదా అంకెల కంటే, అమలుకాని సిఫారసులను కూడా నమోదు చేసి అందరికీ అందుబాటులో ఉంచిన పద్ధతే దాని ముఖ్యమైన ఫలితమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఇంధన సామర్థ్యం, పారిశ్రామిక పరిశీలన, విద్యార్థి ప్రాజెక్టులు, సిఫారసు, అమలు, ఫలితాల కొలత.

1. ఉపోద్ఘాతం

పొదుపు చేసిన రూపాయి డబ్బాలో కనిపిస్తుంది. పొదుపు చేసిన విద్యుత్తు యూనిట్ ఎక్కడా కనిపించదు. మీటరు వాడిన యూనిట్లను మాత్రమే చూపుతుంది; వాడకుండా మిగిల్చిన యూనిట్లను చూపే మీటరు లేదు. అందువల్ల ఇంధన పొదుపు ఫలితాన్ని నేరుగా కొలవడం సాధ్యం కాదు. జరిగినదాన్ని, జరిగి ఉండేదాన్ని పక్కపక్కన పెట్టి, ఆ రెండింటి నడుమ ఉన్న తేడాను ఊహించవలసి ఉంటుంది. వీటిలో మొదటిది బిల్లులో దొరుకుతుంది. రెండవది ఏ కాగితంలోనూ దొరకదు.

ఈ చిక్కు ఇంధన నిపుణులందరికీ ఉన్నదే. అయితే పరిశీలన చేసేవారు విద్యార్థులైనప్పుడు దానికి మరొక చిక్కు తోడవుతుంది. కార్యక్రమం ఫలితం కర్మాగారంలో ఆదా అయిన ఇంధనమా, లేక ఆ పని నేర్చుకున్న విద్యార్థా? రెండూ అనుకుంటే, రెండింటినీ ఒకే కొలబద్దతో కొలవగలమా?

తెలుగు పరిశోధన పత్రికలో ఈ విషయాన్ని చర్చించడానికి ఒక కారణం ఉంది. మన కళాశాలల్లో విద్యార్థుల క్షేత్ర పరిశీలన ప్రాజెక్టులు ఇప్పుడు పాఠ్యప్రణాళికలో భాగమయ్యాయి. ప్రతి నివేదిక చివర సూచనలు ఉంటాయి. ఆ సూచనలు ఏమయ్యాయని మరుసటి సంవత్సరం అడిగే ఏర్పాటు ఎక్కడో గానీ కనిపించదు. అలా అడగడాన్ని ఒక నియమంగా పెట్టుకుని దశాబ్దాల పాటు కొనసాగించిన కార్యక్రమం చరిత్ర మనకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

2. చారిత్రక నేపథ్యం

1973 అక్టోబరులో అరబ్ దేశాలు విధించిన చమురు ఆంక్షల వల్ల ముడిచమురు ధర కొన్ని నెలల్లోనే దాదాపు నాలుగు రెట్లయింది. చవక ఇంధనానికి అలవాటుపడిన అమెరికా పరిశ్రమలకు ఇది పెద్ద దెబ్బ. పెద్ద సంస్థలకు సొంత ఇంజనీర్లు ఉన్నారు. చిన్న, మధ్యతరహా కర్మాగారాల్లో మాత్రం ఇంధన వ్యయాన్ని ప్రత్యేకంగా చూసుకునే మనిషే లేడు. ఉత్పత్తి ఆగకుండా చూసే మేనేజరు, యంత్రాలు బాగుచేసే మెకానిక్ మాత్రమే ఉండేవారు. నెలనెలా వచ్చే బిల్లు అకౌంట్స్ గదికి చేరేది, చెల్లింపు జరిగేది. అది ఎందుకంత వచ్చిందన్న ప్రశ్న యంత్రాల దగ్గరకు చేరేది కాదు.

ఈ ఖాళీని పూరించడానికి 1976లో నాలుగు విశ్వవిద్యాలయాలతో ఎనర్జీ అనాలిసిస్ అండ్ డయాగ్నస్టిక్ సెంటర్స్ అనే కార్యక్రమం మొదలైంది. 1977లో అమెరికా ఇంధన శాఖ ఏర్పడిన తర్వాత అది ఆ శాఖ పరిధిలోకి వచ్చింది. 1990లలో ఇంధనంతో పాటు వ్యర్థాల తగ్గింపు, ఉత్పాదకత కూడా పరిశీలనలో చేరాయి. ఆ విస్తరణ కాలంలోనే కార్యక్రమానికి ఇండస్ట్రియల్ అసెస్‌మెంట్ సెంటర్స్, సంక్షిప్తంగా ఐ.ఎ.సి., అనే పేరు స్థిరపడింది. కేంద్రాల సంఖ్య కాలక్రమంలో సుమారు 30కి చేరింది.

పేరులోని ‘అసెస్‌మెంట్’ అనే మాటకు ఈ వ్యాసంలో ‘పరిశీలన’ అనే మాటను వాడుతున్నాను. ‘తనిఖీ’ అనవచ్చు గానీ, ఆ మాట వినగానే అధికారి, నోటీసు, జరిమానా గుర్తుకు వస్తాయి. ఈ విద్యార్థులకు అటువంటి అధికారం ఏదీ లేదు. సిఫారసును పాటించడం, పక్కన పెట్టడం పూర్తిగా కర్మాగారం ఇష్టం. ఫలితాల కొలతను అర్థం చేసుకోవడానికి ఈ అంశం కీలకం. ఆజ్ఞ జారీ చేస్తే అమలును లెక్కించడం తేలిక. సలహా ఇచ్చినప్పుడు అమలు అనేది అవతలివారి నిర్ణయం.

ఈ చరిత్రలో ఎక్కువ కాలం, ఏ కర్మాగారాన్ని పరిశీలించాలనే దానికి కొన్ని నియమాలుండేవి. అది వస్తువులు తయారుచేసే పరిశ్రమ కావలసి ఉండేది. విశ్వవిద్యాలయానికి సాధారణంగా 150 మైళ్ల లోపు ఉండాలి. 500 మందికి లోబడి ఉద్యోగులు, 10 కోట్ల డాలర్లకు లోబడి వార్షిక అమ్మకాలు ఉండాలి. ఇంధన బిల్లు మరీ చిన్నదీ మరీ పెద్దదీ కాకూడదు. దానికి కనీస, గరిష్ఠ పరిమితులను నిర్ణయించి కాలానుగుణంగా సవరించారు. ఇటువంటి పరిశీలనను సొంతంగా చేసుకోగల నిపుణులు ఆ కర్మాగారంలో ఉండకూడదు. ఈ చివరి నియమం ఉద్దేశం స్పష్టం. సలహా లేకపోయినా ఆ పని చేసుకోగలవారికి ప్రభుత్వ సొమ్ముతో సలహా ఇవ్వడం వృథా. పరిశీలన కర్మాగారానికి ఉచితం.

3. పరిశీలన జరిగే తీరు

పని మూడు దశల్లో సాగుతుంది. మొదటి దశలో కర్మాగారం నుంచి 12 నెలల విద్యుత్తు, సహజవాయువు, ఇతర ఇంధనాల బిల్లులు తెప్పించుకుంటారు. వాటిని పట్టికగా వేసి ఏ నెలలో వాడకం పెరిగిందో, యూనిట్‌కు నికరంగా ఎంత పడుతున్నదో, గరిష్ఠ డిమాండు ఛార్జీలు ఎంతో విద్యార్థులు ముందే తెలుసుకుంటారు.

రెండవ దశ కర్మాగార సందర్శన. సాధారణంగా ఇది ఒక్కరోజు పని. ఉదయం యాజమాన్యంతో సమావేశం, తర్వాత కర్మాగారమంతా తిరిగి చూడడం, మధ్యాహ్నం కొలతలు తీసుకోవడం. బాయిలర్ పొగగొట్టంలో ఆక్సిజన్ శాతం, మోటార్ల మీద పడే లోడు, కంప్రెసర్ పీడనం, దీపాల వెలుతురు, ఆవిరి గొట్టాల ఉపరితల ఉష్ణోగ్రత వంటివి నమోదు చేస్తారు. బృందంలో అధ్యాపకుడు ఉంటాడు గానీ, ఒక లీడ్ స్టూడెంట్ పని పంపకం, నివేదిక బాధ్యత చూస్తాడు. అందుకే దీన్ని విద్యార్థులు నడిపే కార్యక్రమం అనడం సబబు.

మూడవది నివేదిక. సందర్శన జరిగిన 60 రోజుల లోపు దాన్ని కర్మాగారానికి పంపాలి. ప్రతి సిఫారసుకూ మూడు అంకెలు తప్పనిసరి. ఏడాదికి ఎంత ఆదా అవుతుంది, అమలుకు ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎంత కాలంలో తిరిగివస్తుంది. చేయవలసిన పని సాధారణంగా చిన్నదే. గాలి గొట్టాల లీకేజీలు అరికట్టడం, కంప్రెసర్‌కు బయటి చల్లని గాలి అందించడం, పాత దీపాల స్థానంలో మెరుగైనవి అమర్చడం, వేడి గొట్టాలకు ఉష్ణరక్షక కవచం వేయడం, బాయిలర్‌లో గాలి, ఇంధనాల పాళ్లు సరిచేయడం వంటివి.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది లెక్కలేనన్ని సలహా కార్యక్రమాల్లో ఒకటిగా మిగిలేది. నివేదిక పంపిన కొన్ని నెలల తర్వాత, ఏడాది లోపు, కేంద్రం ఆ కర్మాగారానికి మళ్లీ ఫోన్ చేస్తుంది. ఒక్కో సిఫారసునూ పేరు చెప్పి అడుగుతుంది. అమలు చేశారా? చేయకపోతే ఎందుకు చేయలేదు? ఆ సమాధానాలన్నీ నమోదవుతాయి. ఫలితాల కొలత చరిత్ర నిజానికి ఈ ఫోన్ సంభాషణతోనే మొదలవుతుంది.

4. గణాంక నిధి నిర్మాణం

1981 నుంచి జరిగిన పరిశీలనల వివరాలు ఒకే గణాంక నిధిలో చేరాయి. న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం దీని నిర్వహణ చూసింది. ఇప్పటి వరకు ఇందులో 20 వేలకు పైగా పరిశీలనలు, ఒకటిన్నర లక్షల దాకా సిఫారసులు చేరాయి. కర్మాగారం పేరు బయటపెట్టరు. అది ఏ రకం పరిశ్రమ, ఎందరు పనిచేస్తారు, ఎంత అమ్మకం, ఎంత ఇంధన వ్యయం అనేవి మాత్రం ఎవరైనా చూడవచ్చు.

వేర్వేరు కేంద్రాల విద్యార్థులు ఒకే పనిని వేర్వేరు మాటల్లో రాస్తే పోల్చడం అసాధ్యమవుతుంది. అందుకని ప్రతి రకం సిఫారసుకూ ఒక సంకేత సంఖ్య ఇచ్చారు. మొదటి అంకె 2 అయితే ఇంధన నిర్వహణ, 3 అయితే వ్యర్థాల తగ్గింపు, 4 అయితే ఉత్పాదకత. ఉదాహరణకు 2.4236 అంటే గాలి గొట్టాల లీకేజీలు అరికట్టడం. 2.7142 అంటే మెరుగైన దీపాలు అమర్చడం. నిఘంటు నిర్మాణంలో ఆరోపానికి ఉన్న స్థానమే ఇక్కడ సంకేతానికి ఉంది. ఒకే అర్థానికి ఒకే ఆరోపం ఉంటేనే ప్రయోగాలను ఒకచోట చేర్చగలం.

నమోదులో మరొక విశేషం ఉంది. ప్రతి సిఫారసు ఎదుట అది అమలైందా, అమలు కాలేదా, ఇంకా పెండింగ్‌లో ఉందా అనే వివరం కనిపిస్తుంది. అంటే కార్యక్రమం తన వైఫల్యాలను కూడా తన పుస్తకంలోనే రాసుకుంది. ప్రభుత్వ నిధులతో నడిచే ఏ కార్యక్రమానికైనా విజయగాథలను మాత్రమే ముద్రించుకోవాలనే ఒత్తిడి ఉంటుంది. ‘అమలు కాలేదు’ అనే గడిని తుడిచివేయకుండా దశాబ్దాల పాటు నిలుపుకోవడం సామాన్య విషయం కాదు.

5. అంకె వెనుక ఉన్నది

ఈ నిధిలోని ఆదా అంకెను జాగ్రత్తగా చదవాలి. అది మీటరు మీద చూసి రాసిన అంకె కాదు. విద్యార్థులు నివేదికలో వేసిన అంచనాకు, కర్మాగారం ఫోన్లో ఇచ్చిన సమాధానాన్ని జోడిస్తే వచ్చిన అంకె. కర్మాగారం ‘చేశాం’ అంటే అంచనా మొత్తం ఆదా కింద చేరుతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీన్ని పరిశీలిద్దాం. ఒక కర్మాగారంలో కంప్రెసర్ సగటున 75 కిలోవాట్ల విద్యుత్తు తీసుకుంటూ ఏడాదికి 6,000 గంటలు నడుస్తుంది. ఏడాది వాడకం 4,50,000 యూనిట్లు. లీకేజీల వల్ల 20 శాతం వృథా అవుతున్నదని విద్యార్థులు లెక్కవేశారు. అంటే లీకేజీలు అరికడితే 90,000 యూనిట్లు ఆదా. పీడనం తగ్గిస్తే మరో 10 శాతం, అంటే 45,000 యూనిట్లు ఆదా అని రెండవ సిఫారసు. రెండూ అమలయ్యాయి. నిధిలో 1,35,000 యూనిట్లు నమోదవుతాయి.

ఇందులో మొదటి చిక్కు కూడికలో ఉంది. లీకేజీలు పోయాక మిగిలిన వాడకం 3,60,000 యూనిట్లు. పీడనం తగ్గించినందువల్ల వచ్చే 10 శాతం ఆదా ఈ మిగిలినదాని మీదనే వర్తిస్తుంది. అది 36,000 మాత్రమే. మొత్తం ఆదా 1,26,000 అవుతుంది గాని 1,35,000 కాదు. విడివిడిగా సరైన రెండు అంచనాలను కలిపితే తప్పు మొత్తం వచ్చింది. శ్రద్ధగల బృందం దీన్ని నివేదికలోనే సవరిస్తుంది. సవరించకపోతే ఫోన్ సమాధానం ఆ పొరపాటును పట్టుకోలేదు.

రెండవ చిక్కు ఉత్పత్తిలో వస్తుంది. మరుసటి ఏడాది ఆర్డర్లు పెరిగి కంప్రెసర్ 8,000 గంటలు నడిచిందనుకుందాం. 28 శాతం ఆదా సాధించిన తర్వాత కూడా వాడకం 4,32,000 యూనిట్లకు చేరుతుంది. బిల్లు చూసిన యజమాని ఆదా నామమాత్రమే అనుకుంటాడు. ఆర్డర్లు తగ్గి 4,000 గంటలే నడిస్తే, ఏ సిఫారసూ పాటించకపోయినా బిల్లు మూడోవంతు తగ్గుతుంది. అందువల్ల బిల్లు ఒక్కటే సాక్ష్యంగా చాలదు.

మూడవది కాలం. గాలి లీకేజీ ఒకసారి అరికడితే తీరిపోయే జబ్బు కాదు. కీళ్లు వదులవుతాయి, రబ్బరు గొట్టాలు పాతబడతాయి. ఫోన్ చేసిన నెలలో నిజమైన ‘చేశాం’ అనే మాట రెండేళ్ల తర్వాత నిజం కాకపోవచ్చు.

నాలుగవది, ఆ పని సలహా లేకపోయినా జరిగేదా అన్న ప్రశ్న. దీపాలు మార్చాలని యజమాని అప్పటికే అనుకుని ఉంటే ఆ ఆదాను కార్యక్రమం ఖాతాలో వేయడం న్యాయం కాదు. దీనికి ఎదురుగా, ఒక కర్మాగారంలో విన్న సలహాను అదే యాజమాన్యం తన రెండవ కర్మాగారంలో కూడా పాటిస్తే, అది ఏ లెక్కలోనూ చేరదు.

ఐదవది మనకు బాగా తెలిసినది. దాన్ని మొహమాటం అంటాం. ఒకరోజంతా తమ కర్మాగారంలో చెమటోడ్చి, ఉచితంగా నివేదిక రాసిచ్చిన విద్యార్థి ఫోన్ చేసి అడిగితే, ‘ఏమీ చేయలేదు’ అని చెప్పడానికి నోరు రావడం కష్టం. అయినప్పటికీ నిధిలో సగానికి దగ్గరగా అమలుకాని సిఫారసులు ఉన్నాయంటే, ఆ మొహమాటం సమాధానాలన్నింటినీ ముంచెత్తలేదని భావించవచ్చు.

కొలత సమస్యను పరిష్కరించే ప్రయత్నాలు బయట కూడా జరిగాయి. 1997లో వెలువడిన అంతర్జాతీయ కొలత, నిర్ధారణ నియమావళి ఇంధన ఆదాను లెక్కించడానికి నాలుగు మార్గాలను సూచించింది. మార్పు చేసిన పరికరంలో కీలకమైన అంశాన్ని మాత్రమే కొలవడం, ఆ పరికరం వాడకాన్ని పూర్తిగా కొలవడం, కర్మాగారం మొత్తం మీటరును ఉత్పత్తి, వాతావరణం వంటి మార్పులకు సవరించి పోల్చడం, కంప్యూటర్ నమూనాతో లెక్కించడం అనేవి ఆ నాలుగు. ఇవన్నీ ఖర్చుతో కూడినవి. ఏడాదికి కొన్ని వేల డాలర్లు ఆదా చేసే లీకేజీ మరమ్మతుకు అంతకంటే ఎక్కువ పెట్టి మీటర్లు అమర్చడం వివేకం కాదు. వేల చిన్న సిఫారసులున్న కార్యక్రమం కచ్చితమైన కొలతను వదులుకుని విస్తృతమైన నమోదును ఎంచుకుంది. ఈ ఎంపికను లోపంగా కాక, తెలిసి చేసుకున్న రాజీగా చూడాలి. అయితే ఆ అంకెను వాడేవారు ఆ రాజీని కూడా చెప్పాలి.

6. పరిశోధకులు చదివిన తీరు

గణాంక నిధి అసలు విలువ దాన్ని ఇతరులు చదివినప్పుడు బయటపడింది. రెండు అధ్యయనాలు ఇక్కడ ప్రస్తావించదగినవి.

2004లో సొరెన్ ఆండర్సన్, రిచర్డ్ న్యూయెల్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఈ నిధి ఆధారంగా ఒక అధ్యయనం ప్రచురించారు. కర్మాగారాలు సుమారు సగం సిఫారసులను అమలు చేసినట్లు వారు గుర్తించారు. పెట్టుబడి త్వరగా తిరిగివచ్చేవి, తక్కువ ఖర్చుతో అయ్యేవి ఎక్కువగా అమలయ్యాయి. అంతకంటే ముఖ్యమైన విషయం, యాజమాన్యాలు ఏటా వచ్చే ఆదాకు స్పందించిన దానికంటే తొలి ఖర్చుకు 40 శాతం ఎక్కువగా స్పందించాయి. వారి నిర్ణయాలను బట్టి చూస్తే, 50 నుంచి 100 శాతం వార్షిక రాబడి ఉంటేనే ముందుకు వచ్చారు. అంటే ఒకటి రెండేళ్లలో పెట్టిన సొమ్ము తిరిగిరాకపోతే చేయి చాచలేదు. బ్యాంకు వడ్డీతో పోల్చి చూస్తే ఇది ఎంత కఠినమైన షరతో అర్థమవుతుంది.

2013లో సురేశ్ ముత్తులింగం, చార్లెస్ కార్బెట్, ష్లోమో బెనార్ట్‌జి, బోహ్‌దాన్ ఓపెన్‌హైమ్ కలిసి మరొక అధ్యయనం వెలువరించారు. 13 వేలకు పైగా సంస్థలకు ఇచ్చిన లక్షకు పైగా సిఫారసులను వారు పరిశీలించారు. సగటున ఏడాదికి కాస్త ఎక్కువ కాలంలోనే పెట్టుబడి తిరిగివచ్చేవైనా, వాటిలో చాలా సిఫారసులు అమలు కాలేదు. నివేదికలో సిఫారసు ఏ వరుసలో ఉందన్నది కూడా అమలును ప్రభావితం చేసింది. జాబితా మొదట్లో ఉన్నవి ఎక్కువగా అమలయ్యాయి. ఎన్ని సిఫారసులు ఇచ్చారన్నది మాత్రం అమలును ప్రభావితం చేయలేదు.

సాహిత్య విద్యార్థులకు ఈ రెండవ ఫలితం ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. విషయం అదే, లెక్క అదే, చెప్పిన క్రమం మారితే ఫలం మారుతున్నది. ఇంజనీరింగ్ నివేదిక కూడా ఒక రచనే. దానికీ పాఠకుడు ఉన్నాడు, అతని ఓపికకు హద్దు ఉంది. ఆదా ఎక్కువగా ఉన్న సిఫారసును పదవ స్థానంలో రాసిన విద్యార్థి లెక్కలో ఏ తప్పూ చేయలేదు. రచనలో చేశాడు.

ఈ రెండు అధ్యయనాలూ చెప్పిన సంగతులు కార్యక్రమం తన గురించి తాను కొలుచుకోవాలని మొదట అనుకున్నవి కావు. ‘ఎంత ఆదా చేశాం’ అని చెప్పుకోవడానికి కూర్చిన గణాంకాలు, ‘మనుషులు తమకు లాభమైన పనిని కూడా ఎందుకు చేయరు’ అనే ప్రశ్నకు ఆధారమయ్యాయి. అమలుకాని సిఫారసులను వదిలివేసి ఉంటే ఈ ప్రశ్న వేయడమే సాధ్యమయ్యేది కాదు. అమలైన వాటిని అమలుకాని వాటితో పోల్చినప్పుడు మాత్రమే కారణాలు తెలుస్తాయి.

2021లో అమెరికా చేసిన మౌలిక సదుపాయాల చట్టం ఈ కేంద్రాల విస్తరణకు 15 కోట్ల డాలర్లు, సిఫారసుల అమలుకు చిన్న, మధ్యతరహా కర్మాగారాలకు గ్రాంట్లుగా 40 కోట్ల డాలర్లు కేటాయించింది. ఒక్కో కర్మాగారం ఖర్చులో సగం వరకు, గరిష్ఠంగా 3 లక్షల డాలర్ల దాకా పొందే వీలును ఆ చట్టం కల్పించింది. పై అధ్యయనాలే దీనికి కారణమని చెప్పడం తొందరపాటవుతుంది. కానీ తొలి ఖర్చే పెద్ద అడ్డంకి అని గణాంకాలు చూపిన దిశలోనే విధానం నడిచింది. సలహాకు పెట్టిన సొమ్ము కంటే సలహాను పాటించడానికి పెట్టిన సొమ్ము ఎక్కువ కావడం ఈ చరిత్రలో గమనించదగిన మలుపు.

7. లెక్కకు అందని ఫలితం: విద్యార్థి

కార్యక్రమానికి మొదటి నుంచీ రెండు లక్ష్యాలు. ఒకటి కర్మాగారాలకు సాయం. రెండవది ఇంధన ఇంజనీర్లను తయారుచేయడం. మొదటిదానికి యూనిట్లు, డాలర్లు ఉన్నాయి. రెండవదానికి ఏమున్నాయి? ఎందరు పాల్గొన్నారు, ఎందరు ధ్రువపత్రం పొందారు అనే సంఖ్యలు నేర్చుకున్నదాన్ని చెప్పవు.

ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలకు చెందిన బ్రూస్ టాన్, మైఖేలా మార్టిన్ 2000లో ప్రచురించిన అధ్యయనం ఈ దిశలో ఒక అడుగు వేసింది. పరిశీలన పొందిన కర్మాగారాలతో పాటు, ఈ కేంద్రాల్లో శిక్షణ పొందిన పూర్వ విద్యార్థులను ఉద్యోగంలోకి తీసుకున్న సంస్థలను, కార్యక్రమం వెబ్‌సైట్‌ను వాడుకున్న సంస్థలను కూడా అది పరిశీలించింది. సమాచారం నివేదిక ద్వారానే కాక మనిషి ద్వారా కూడా కర్మాగారంలోకి ప్రవేశిస్తుందనే అవగాహన దీనికి మూలం. నివేదిక బీరువాలో ఉండిపోవచ్చు. దాన్ని రాసిన విద్యార్థి మరొక కర్మాగారంలో ఇంజనీరుగా చేరి, లీకేజీ శబ్దం వినగానే ఆగి చూడవచ్చు.

ఈ రెండు లక్ష్యాల నడుమ ఒక ఘర్షణ ఉండే అవకాశాన్ని కూడా గుర్తించాలి. కేంద్రాన్ని అమలు శాతంతోనే అంచనా వేస్తే, విద్యార్థులు తప్పకుండా అమలయ్యే చిన్న పనులనే రాయడానికి మొగ్గుతారు. దీపాలు, లీకేజీలు నివేదికను నింపుతాయి. వేడిని తిరిగి వాడుకునే ఏర్పాటు, ఉత్పత్తి ప్రక్రియనే మార్చే ఆలోచన వంటి కష్టమైన సిఫారసులు వెనుకబడతాయి. అవి అమలు కాకపోవచ్చు గానీ, విద్యార్థి ఎక్కువ నేర్చుకునేది వాటి దగ్గరే. కొలత ఎప్పుడూ తటస్థంగా ఉండదు. ఏది కొలుస్తామో దాని వైపే పని ఒరుగుతుంది.

8. మన నేల మీద

భారతదేశంలో 2001 నాటి ఇంధన పొదుపు చట్టం, 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఈ రంగానికి పునాదులు. 2012లో మొదలైన ‘పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్’ పథకం తొలి విడతలో ఎనిమిది రంగాలకు చెందిన 478 భారీ పరిశ్రమలను చేర్చింది. అక్కడ కొలత టన్ను ఉత్పత్తికి వాడిన ఇంధనం మీద ఆధారపడింది. ఉత్పత్తి పెరిగినా తగ్గినా పోలిక చెదరకుండా ఉండటానికి ఇది ఉపకరిస్తుంది. ఫలితాన్ని గుర్తింపు పొందిన ఆడిటర్లు ధ్రువీకరిస్తారు. లక్ష్యం దాటినవారు ధ్రువపత్రాలు అమ్ముకోవచ్చు. అంటే ఇక్కడ అంకెకు డబ్బు విలువ ఉంది. అందుకే అంత కట్టుదిట్టం అవసరమైంది.

చిన్న పరిశ్రమల విషయం వేరు. బ్యూరో తన చిన్న, మధ్యతరహా పరిశ్రమల కార్యక్రమానికి ఎంచుకున్న సముదాయాల్లో వరంగల్ రైస్ మిల్లులు, భీమవరం ఐస్ ఫ్యాక్టరీలు, ఉభయ గోదావరి జిల్లాల రిఫ్రాక్టరీ పరిశ్రమలు ఉన్నాయి. అమెరికా కార్యక్రమం ఏ రకం కర్మాగారాలను దృష్టిలో పెట్టుకుందో, ఇవి సరిగ్గా అటువంటివే. యజమానే మేనేజరు, సొంత ఇంధన నిపుణుడు లేడు, కరెంటు బిల్లు మాత్రం భారీగా వస్తుంది. ఈ ఊళ్లకు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలలకు కొదవ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులు చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులు, తెలంగాణలో జిజ్ఞాస పేరుతో జరిగే స్టూడెంట్ స్టడీ ప్రాజెక్టులు ఇంధనానికి సంబంధించినవే కానక్కరలేదు. ఊరి మంచినీటి సమస్య, బడి మానేసే పిల్లలు, చేనేత కుటుంబాల అప్పులు, ఒక మండలంలోని మాండలిక పదాలు, ఏదైనా కావచ్చు. అన్నింటి చివరా సూచనలు ఉంటాయి. వాటికి కూడా ఈ చరిత్ర నేర్పే పాఠం ఒకటే. సూచన ఎదుట మూడు గడులు ఉండాలి: జరిగింది, జరగలేదు, ఎందుకు జరగలేదు. వాటిని నింపే పని మరుసటి సంవత్సరం విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. దీనికి అదనపు నిధులు అక్కరలేదు. మన సూచన ఎవరూ పాటించలేదని రాసుకునే ధైర్యం, అలా రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించని అధ్యాపకుడు ఉంటే చాలు.

9. ముగింపు

ఈ పరిశీలన ఆధారంగా కింది నిర్ధారణలు చేయవచ్చు.

1. ఐ.ఎ.సి. గణాంక నిధిలోని ఆదా అంకె విద్యార్థుల అంచనా, కర్మాగారం సమాధానం కలిసి ఏర్పడినది. దాన్ని మీటరు కొలతగా భావించకూడదు. సిఫారసుల పరస్పర ప్రభావం, ఉత్పత్తిలో మార్పు, కాలక్రమంలో క్షీణత, సలహా లేకపోయినా జరిగే పనులు, మొహమాటం అనే ఐదు అంశాలు ఆ అంకెను ప్రభావితం చేస్తాయి.

2. నివేదిక తర్వాత మళ్లీ అడగడం, అమలుకాని వాటిని కూడా నమోదు చేయడం, ఆ నమోదును అందరికీ తెరిచి ఉంచడం అనే మూడు నియమాలే ఈ కార్యక్రమాన్ని ఇతర సలహా కార్యక్రమాల నుంచి వేరుచేశాయి.

3. తొలి ఖర్చుకు యాజమాన్యాలు ఇచ్చే ప్రాధాన్యం, సిఫారసు క్రమానికి ఉన్న ప్రభావం వంటి విషయాలు ఆ నమోదు వల్లనే తెలిశాయి. కార్యక్రమం వైఫల్యంగా రాసుకున్న భాగమే పరిశోధనకు ప్రధాన వనరుగా నిలిచింది.

4. విద్యార్థుల అభ్యసనం ఈ కొలతకు పూర్తిగా లొంగలేదు. అమలు శాతాన్ని ఏకైక ప్రమాణంగా తీసుకుంటే అభ్యసనానికి నష్టం కలిగే అవకాశం ఉంది. రెండింటినీ వేర్వేరుగా నమోదు చేయడం మేలు.

5. తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో జరుగుతున్న విద్యార్థి ప్రాజెక్టులకు, అవి ఏ విషయానికి చెందినవైనా, సూచనల తదుపరి స్థితిని నమోదు చేసే ఏర్పాటు అవసరం. దాన్ని ఒక కళాశాల, ఒక శాఖ, ఒకే ఏడాది నివేదికలతోనైనా ప్రారంభించవచ్చు.